చిన్న కమతాల పినో న్వార్

ఫ్రాన్స్‌లోని బర్గండీలో ద్రాక్షతోటను హెక్టార్లలోనే కాదు, ఊవ్రేల్లోనూ కొలుస్తారు. పూర్వం ఒక మనిషి ఒక్కరోజులో తవ్వగలిగినంత నేలను ఊవ్రే అన్నారు. మన లెక్కలో పదిన్నర సెంట్లు. అక్కడి మేలురకం తోటల నిబంధనల ప్రకారం అంత నేల నుంచి వచ్చేది సుమారు 200 సీసాల వైన్. పినో న్వార్ అనే నల్లద్రాక్ష పేరు ప్రఖ్యాతులన్నీ ఇలాంటి చిన్నచిన్న చెక్కల మీద పుట్టినవే.

ఈ తీగను సాకడం తేలిక కాదు. తొక్క పలచన. గుత్తిలో పండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి కాబట్టి కోతకు ముందు వాన పడితే లోపలి నుంచి కుళ్లు మొదలవుతుంది. చాలా రకాల కన్నా ముందే చిగురు వేస్తుంది, ఆ చిగురును వసంతకాలపు మంచు మాడ్చేస్తుంది. 2021 ఏప్రిల్‌లో బర్గండీ రైతులు రాత్రంతా సాళ్ల మధ్య పెద్దపెద్ద కొవ్వొత్తులు వెలిగించి కాపలా కాశారు. ఎండ ముదిరితే పులుపు తగ్గి రుచి చప్పబడుతుంది. దిగుబడి కోసం ఆశపడితే వైన్ నీళ్లబడుతుంది. ప్రతి సాలునూ నడిచి చూసే మనిషి లేని చోట ఇది మంచి వైన్ ఇవ్వదని నా నమ్మకం. దీని చరిత్ర చదివేకొద్దీ ఆ నమ్మకం గట్టిపడుతోంది.

తీగ ఎక్కడ మొదట పుట్టిందో చెప్పే ఆధారం లేదు. 14వ శతాబ్దపు పత్రాల్లో పేరు కనిపిస్తుంది, తీగ వయసు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ. ద్రాక్షను విత్తనంతో కాక కొమ్మ నాటి పెంచుతారు. అందుకే ఈనాటి పినో మొక్క వందల ఏళ్ల కిందటి మొక్కకు కొనసాగింపే. దారిలో ఎక్కడో ఒక కొమ్మ రంగు మారి పినో గ్రీ అయింది, మరొకటి తెల్లబడి పినో బ్లాన్ అయింది. 1999లో జన్యుపరీక్షలు ఇంకో సంగతి తేల్చాయి. షార్డొనే, గామే, అలిగొతే వంటి పేరున్న రకాలన్నీ పినోకూ, గ్వే బ్లాన్ అనే నాటు తెల్లద్రాక్షకూ పుట్టిన సంతానమే.

గామే పేరు గుర్తుపెట్టుకోవాలి. ప్లేగు మహమ్మారి తర్వాత కూలీలు కరవై, తక్కువ శ్రమతో ఎక్కువ కాసే గామేను బర్గండీ రైతులు విరివిగా నాటుకున్నారు. వైన్ పరువు పోతోందని 1395లో అక్కడి డ్యూక్, ధైర్యశాలిగా పేరుబడ్డ ఫిలిప్, గామేను ద్రోహి అని నిందిస్తూ పీకించమని శాసనం చేశాడు. పినో పక్షం వహించి ఆయన తరిమింది పినో కన్నబిడ్డనేనని తెలియడానికి ఆరువందల ఏళ్లు పట్టింది.

డ్యూక్ కన్నా ముందే ఆ నేలను చదివినవాళ్లు సన్యాసులు. 1098లో సీతో మఠం వెలిసింది. సిస్టర్షియన్లనే ఆ మఠపు సన్యాసులు వూజో గ్రామంలో దానాలుగా, కొనుగోళ్లుగా వచ్చిన భూములను కలిపి, 1336 నాటికి సుమారు 50 హెక్టార్లకు, అంటే దాదాపు 125 ఎకరాలకు, రాతిగోడ కట్టారు. అదే క్లో ద వూజో. ఒకే వాలు మీద పైభాగం పండు వేరు, కిందిభాగం పండు వేరు అన్న గమనింపు ఈ ప్రాంతంలో తరతరాలుగా పేరుకుంది. ఒక్కో చెక్కకు ఒక పేరు, ఒక హద్దు ఏర్పడ్డాయి. 2015లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కినవి అలాంటి 1,247 చెక్కలు.

ఫ్రెంచి విప్లవం మఠం ఆస్తులను జప్తు చేసి అమ్మేసింది. 1804 నాటి నెపోలియన్ చట్టం బిడ్డలందరికీ సమాన వాటా ఇవ్వాలంది. నలుగురు బిడ్డలుంటే తోట నాలుగు ముక్కలు, మనవళ్ల కాలానికి పదహారు. క్లో ద వూజో మాత్రం 1889 దాకా ఒకే సొత్తుగా నిలిచి, ఆ ఏడు అమ్ముడుపోయి ముక్కలైంది. ఇవాళ ఆ గోడ లోపల ఎనభైమంది దాకా యజమానులున్నారు, కొందరివి కొన్ని సాళ్లే. చిన్న కమతాన్ని వీళ్లెవరూ కోరుకోలేదు, అది చట్టం తెచ్చిపెట్టింది. ఆ చిన్న కమతమే ఈ తీగకు సరిపోయింది.

తోటలు ఇలా ముక్కలవుతున్న కాలంలోనే ఫిలాక్సెరా అనే పురుగు వేళ్లను తినేసి ఐరోపా తోటల్లో చాలావాటిని పడగొట్టింది. మన మామిడికి అంటు కట్టినట్టే అమెరికా ద్రాక్ష వేరుమొక్కకు ఐరోపా కొమ్మను అంటుకట్టి గట్టెక్కారు. 1.8 హెక్టార్ల రోమానే-కోంతీ తోట మాత్రం సొంత వేళ్లతోనే 1945 దాకా నిలబడింది. ఆ తర్వాత పీకి, మళ్లీ నాటారు.

చిన్నరైతుకు అసలు కష్టం పురుగు కాదు, వ్యాపారి. 20వ శతాబ్దం మొదట్లో రైతు పీపాను వ్యాపారికి అమ్మేవాడు. వ్యాపారి దాంట్లో దక్షిణాది వైన్ కలిపి గొప్ప ఊరి పేరుతో అమ్మిన సందర్భాలు కోకొల్లలు. వోల్నే ఊరి నుంచి మార్కీ దాంజర్వీల్, న్వీ-సాన్-జోర్జ్ నుంచి ఆన్రీ గూజ్ వంటివారు దీన్ని బహిరంగంగా ఎదిరించారు. తమ వైన్‌ను తమ నేలమాళిగలోనే సీసాల్లో నింపి, సొంత పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. 1935లో వచ్చిన ఫ్రెంచి చట్టం ఊరి పేరుకు రక్షణ ఇచ్చింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. ఆ సీసా మీదకు రైతు పేరు ఎక్కకపోతే, చిన్న కమతపు పినో అన్న మాటే మనదాకా వచ్చేది కాదు.

పినో సముద్రాలు దాటాక చట్టం బలవంతం లేదు, మొండితనం ఉంది. 1965లో డేవిడ్ లెట్ అనే పాతికేళ్ల యువకుడు కాలిఫోర్నియా ఆచార్యులు వద్దన్నా వినక, ఆరెగాన్‌లోని విలామెట్ లోయకు పినో కొమ్మలు పట్టుకెళ్లాడు. చలి, వాన ఎక్కువ, పండు పండదని వాళ్ల వాదన. బర్గండీలోనూ వాతావరణం అంతే కదా అని ఇతని లెక్క. టర్కీ కోళ్లను కోసే పాత షెడ్డులో అతను పెట్టిన ఐరీ వైనరీ 1975 పినో, 1979లో పారిస్ పోటీలో ముందువరుసలో నిలిచింది. ఫలితం నమ్మలేక బర్గండీ వ్యాపారి రొబేర్ ద్రూఏన్ 1980లో బోన్ పట్టణంలో మళ్లీ రుచి పరీక్ష పెట్టించాడు. ఐరీకి రెండో స్థానం దక్కింది, మొదటి స్థానం ద్రూఏన్ సొంత 1959 షాంబోల్-ముసిన్యీది. 1987లో ద్రూఏన్ కుటుంబమే వెళ్లి విలామెట్ లోయలో భూమి కొంది.

అదే 1987లో న్యూజిలాండ్‌లోని సెంట్రల్ ఒటాగో నుంచి మొదటి వాణిజ్య పినోను గిబ్‌స్టన్ వ్యాలీ విడుదల చేసింది. 1860లలో బంగారం వేటకు మనుషులు ఎగబడిన లోయలవి. విలామెట్ లోయ ఉత్తరాన, ఒటాగో దక్షిణాన, రెండూ 45వ అక్షాంశం దగ్గరే.

జర్మనీలో పినో పండించే ఆర్ నది లోయది ఇంకో దారి. పలక రాయి నిండిన నిట్టనిలువు వాలుల మీద యంత్రం నడవదు. ఒంటరిగా అమ్ముకోలేని చిన్నరైతులు 1868లోనే మైషోస్‌లో సహకార సంఘం పెట్టుకున్నారు. 2021 జులైలో వరద ఆ లోయను ముంచేసింది. నేలమాళిగల్లో బురద పట్టిన సీసాలను కడగకుండా అలాగే అమ్మి, దేశమంతటి నుంచి 40 లక్షల యూరోలకు పైగా సహాయం పోగుచేశారు.

బర్గండీలో ఇప్పుడు ప్రమాదం ధర రూపంలో వచ్చింది. పేరున్న చెక్కల విలువ ఎంత పెరిగిందంటే, తండ్రి పోయాక వారసత్వపు పన్ను కట్టలేక, తోబుట్టువుల వాటా కొనలేక కుటుంబాలు తోటలు అమ్ముకుంటున్నాయి. 2014లో క్లో దే లాంబ్రే తోట విలాస వస్తువుల సంస్థ ఎల్వీఎంహెచ్ చేతికి వెళ్లింది. ఆ తర్వాత క్లో ద తార్ తోటను ధనిక వ్యాపారి ఫ్రాన్స్వా పీనో కుటుంబ సంస్థ కొంది. నేల కొనలేని యువకులు చిన్న ఊళ్లలో షెడ్డు అద్దెకు తీసుకుని, పరిచయమున్న రైతుల దగ్గర పండు కొని, రెండుమూడు పీపాలు పులియబెడుతున్నారు. ఒక పీపా 228 లీటర్లు, సుమారు 300 సీసాలు. వాళ్లలో కొందరు పీపాలు అమ్మగా వచ్చిన డబ్బుతో పెద్ద పేర్లున్న వాలులు వదిలి, ఎవరూ పట్టించుకోని పక్క ఊళ్లలో రెండుమూడు ఊవ్రేలు వెతుక్కుంటున్నారు.