వెలుగు మంత్రం ఎందుకు బలహీనపడింది?

మాయా చీకటిని వెలుగు మంత్రంతో ఎదుర్కోవడం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో పాత ఎత్తుగడే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన తొలి పుస్తకాల్లోనే మాంత్రికుడి మొదటి స్థాయి మంత్రాల్లో ‘లైట్’ ఉంది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ ఈ పోరుకు స్పష్టమైన నియమం పెట్టింది. రెండో స్థాయి ‘డార్క్‌నెస్’ మంత్రం 15 అడుగుల వ్యాసార్ధం మేర కమ్మేస్తే కాగడాలు వెలగవు, చీకట్లో చూడగలిగే జాతుల కళ్లూ పనిచేయవు. అయినా దానికంటే ఒక మెట్టు కిందున్న లైట్ మంత్రం దాన్ని రద్దు చేయగలిగేది.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఈ లెక్క మార్చింది. లైట్ సున్నా స్థాయికి దిగింది. చీకటి మంత్రం తనతో సమానమైన, లేదా తనకంటే కిందిస్థాయి వెలుగులను రద్దు చేసే హక్కు పొందింది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో డార్క్‌నెస్ తగిలితే రెండో స్థాయి వరకు ఏ వెలుగు మంత్రమైనా ఆరిపోతుంది. వెలుగుతో దాన్ని తొలగించాలంటే కనీసం మూడో స్థాయి ‘డేలైట్’ కావాలి.

చాలామంది దీన్ని స్థాయిల క్రమశిక్షణగా చూస్తారు. అసలు కారణం ఖరీదు అని నా వాదన. 1978లో మొదటి స్థాయి మాంత్రికుడు ముందుగా మననం చేసుకోగలిగేది ఒకే ఒక్క మంత్రం. లైట్ ఎంచుకుంటే శత్రువుల గుంపును పడగొట్టే ‘స్లీప్’ వదులుకున్నట్టే. అంత త్యాగం చేసినవాడికి పెద్ద చీకటిని తొలగించే శక్తి దక్కడం న్యాయం. ఐదో ఎడిషన్‌లో లైట్‌ను ఎన్నిసార్లయినా ఉచితంగా వేసుకోవచ్చు. ఉచితంగా దొరికే వెలుగు చీకటిని చెరిపేస్తే డార్క్‌నెస్ నేర్చుకోవడమే దండగ. అందుకే వెలుగు చవకయ్యేకొద్దీ దాని బలాన్ని కోయక తప్పలేదు.

స్థాయి కూడా ఖరీదుకు కొలతే కదా, రెండూ ఒకటే అనవచ్చు. కానీ ఐదో ఎడిషన్‌లో ఆరని వెలుగునిచ్చే ‘కంటిన్యువల్ ఫ్లేమ్’ను చూడండి. అదీ రెండో స్థాయి మంత్రమే, పైగా 50 బంగారు నాణేల విలువైన కెంపుల పొడి ఖర్చవుతుంది. అయినా పైసా సామగ్రి ఖర్చులేని డార్క్‌నెస్ తగలగానే శాశ్వతంగా పోతుంది. అంటే స్థాయి ఖరీదును పూర్తిగా కొలవదు. నియమం తేలిగ్గా ఉంటే ఆట సాఫీగా సాగుతుందన్నది నిజమే, ఆ సౌలభ్యానికి విలువ ఉంది. అయితే ఒక్క సవరణతో ఆ సౌలభ్యం పోదు. సమాన స్థాయిలో ఎదురుపడితే రెండు మంత్రాలూ రద్దయ్యేలా ఆట నడిపే డంజన్ మాస్టర్లు తీర్పు చెప్పాలి. మూల్యం చెల్లించిన వెలుగుకు ఆ మాత్రం గౌరవం దక్కాలి.