కొడైకెనాల్ పాదరస కాలుష్యం

తమిళనాడులోని కొడైకెనాల్‌లో థర్మామీటర్ల కర్మాగారం నుంచి వ్యాపించిన కాలుష్యం. అమెరికాలోని వాటర్‌టౌన్‌లో మూతపడిన ప్లాంటు యంత్రాలను 1980ల తొలి సంవత్సరాల్లో ఇక్కడికి తెచ్చి ఈ కర్మాగారాన్ని పెట్టారు. తర్వాత ఇది హిందుస్థాన్ లీవర్ చేతికి వచ్చింది. 2001 మార్చిలో ముంజిక్కల్‌లోని ఒక పాత సామాన్ల దుకాణంలో పాదరసం అంటిన పగిలిన గాజు టన్నుల కొద్దీ సంచుల్లో కనిపించింది. స్థానికులు, గ్రీన్‌పీస్ కార్యకర్తలు దాన్ని బయటపెట్టడంతో ఉత్పత్తి ఆగింది.

పాదరసం మామూలు ఉష్ణోగ్రతలోనే ఆవిరవుతుంది కాబట్టి ప్రహరీ గోడ దాన్ని ఆపలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడంలో హైదరాబాద్‌లోని అణుశక్తి విభాగపు పదార్థ విశ్లేషణ కేంద్రం శాస్త్రవేత్తల పాత్ర పెద్దది. చెట్ల బెరడు మీది లైకెన్లకు నిజమైన వేర్లుండవు. అవి తేమనూ ఖనిజాలనూ ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటాయి కనుక, ఏళ్ల తరబడి గాలిలో ఏముందో వాటిలో నమోదవుతుంది. అందుకే కర్మాగారం పరిసరాల్లోని లైకెన్లను, నాచును పరీక్షించారు. సరస్సుల నీటినీ పరీక్షించగా, కొడై సరస్సు నీటిలో లీటరుకు 356 నుంచి 465 నానోగ్రాముల పాదరసం తేలింది. దూరంగా ఉన్న బెరిజం, కుక్కల్ సరస్సుల్లో అంతకంటే చాలా తక్కువ. ఈ పోలికే అసలు సాక్ష్యం: కొండ ప్రాంతం ఒకటే అయినా, కర్మాగారానికి దగ్గరున్న నీటిలోనే మోతాదు పెరిగింది.

2003లో సుమారు 290 టన్నుల వ్యర్థాలను అమెరికాకు తిప్పి పంపారు. 591 మంది మాజీ కార్మికులు పరిహారం కోసం 2016 దాకా పోరాడాల్సి వచ్చింది.