భూగర్భోష్ణము – తుప్పు

1904లో ఇటలీదేశమున లార్దరెల్లోయందు పియెరో జినోరి కాంటి భూగర్భమునుండి వెలువడు ఆవిరితో అయిదు దీపములు వెలిగించెను. కాని ఆ యావిరి టంకణామ్లమును, గంధకపు వాయువును వెంటదెచ్చి యినుమును దినివేయును. అందుచే 1913నాటి 250 కిలోవాట్ల కేంద్రమున ఆ యావిరితో మంచినీటిని కాచి, శుద్ధమైన యావిరినే యంత్రమునకు బంపిరి.

తెలుగునాట మణుగూరు చెంత పగిడేరులో సింగరేణి సంస్థ నెలకొల్పిన 20 కిలోవాట్ల ప్రయోగకేంద్రమునకును ఇట్టి యుపాయమే ఆధారము. బావినీరు మరచక్రమును దాకదు. తక్కువ వేడికే మరుగు వేఱొక ద్రవమునకు తన వేడి నిచ్చి తొలగును. అయినను ఆ నీటిని మోయు గొట్టములకు తుప్పు తప్పదు. చేదబావుల యినుపగిలకల నెఱిగిన పరదరామివారి కిది వింతగాదు. ఉప్పుగల వేడినీటిలో తుప్పుపట్టని ఉక్కునకు సైతము సూదిబెజ్జములు పడును. టైటానియము నిలుచును గాని వెల హెచ్చు. ఇంత చిన్నకేంద్రమునకు గొట్టములను అప్పుడప్పుడు మార్చుకొనుటయే చవుక యని నా యభిప్రాయము.