గల్ఫ్‌లో మొదలై గల్ఫ్‌లో ముగిసిన కార్ రేసుల సీజన్: 2024 ఎల్‌ఎంజీటీ3

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి ఎంతోమంది మనోళ్లు బతుకుదెరువు కోసం ఖతర్, బహ్రెయిన్‌లో ఉంటున్నారు. వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ 2024 సీజన్ ఆ రెండు దేశాల్లోనే మొదలై, ముగిసింది. మొదటి రేసు మార్చి 2న ఖతర్‌లోని లుసైల్‌లో, చివరిది నవంబర్ 2న బహ్రెయిన్‌లోని సఖీర్‌లో. మధ్యలో ఇమోలా, స్పా, లే మాన్, సావో పాలో, ఆస్టిన్, ఫుజి కలిపి మొత్తం 8 రేసులు.

ఖతర్ రేసు దూరం 1812 కిలోమీటర్లు. అక్కడి జాతీయ దినోత్సవం డిసెంబర్ 18 కాబట్టి ఆ అంకె పెట్టారు. బహ్రెయిన్ రేసు 8 గంటలు, లే మాన్ 24 గంటలు.

షోరూమ్‌లో అమ్మే స్పోర్ట్స్ కారును రేసు కోసం మార్చితే అది గ్రాండ్ టూరింగ్ కారు. ఈ కార్ల కోసం 2024లో ఎల్‌ఎంజీటీ3 అనే కొత్త విభాగం వచ్చింది. ఫెరారీ, పోర్షే, బీఎండబ్ల్యూ, లెక్సస్ సహా 9 కంపెనీలవి రెండేసి చొప్పున 18 కార్లు దిగాయి. ఏ కంపెనీ కారూ మరీ ముందుకు పోకుండా నిర్వాహకులు బరువు, ఇంజిన్ శక్తిని సర్దుతారు.

అందుకే ఇక్కడ అసలు తేడా డ్రైవర్ల దగ్గరే వస్తుంది. ఒక్కో కారును ముగ్గురు వంతులవారీగా నడుపుతారు. డ్రైవర్లకు ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు గ్రేడులు. ప్రతి కారులో ఒక బ్రాంజ్ డ్రైవర్ తప్పనిసరి, ఆయన నిర్ణీత సమయం నడపాల్సిందే. బ్రాంజ్ వాళ్లలో చాలామందికి రేసింగ్ వృత్తి కాదు.

ఒమన్‌కు చెందిన అహ్మద్ అల్ హార్తీ అలాంటి బ్రాంజ్ డ్రైవరే. మోటార్‌సైకిల్ రేసుల దిగ్గజం వాలెంటినో రోసీ, మాక్సిమ్ మార్టిన్‌లతో కలిసి 46వ నంబర్ బీఎండబ్ల్యూ నడిపారు. ఇమోలాలో ఆ కారు రెండో స్థానం సాధించింది. జూన్‌లో లే మాన్‌లో మాత్రం అల్ హార్తీ వంతులో ప్రమాదం జరిగి రేసు నుంచి తప్పుకుంది.

టైటిల్ మాంథే ప్యూర్‌రేసింగ్ జట్టు పోర్షేకు దక్కింది. ఖతర్‌లో గెలిచి సీజన్ మొదలుపెట్టిన ఈ జట్టు బ్రాంజ్ డ్రైవర్ అలెక్స్ మాలిఖిన్. జోయెల్ స్టర్మ్, క్లాస్ బాఖ్లర్ మిగతా ఇద్దరు. బహ్రెయిన్‌కు ముందే, ఫుజిలోనే వీరి టైటిల్ ఖాయమైంది.

కాబట్టి ఈ రేసు చూసేటప్పుడు ఏ కారు ముందుందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది, బ్రాంజ్ డ్రైవర్ వంతు ఇంకెంత మిగిలింది అన్నదీ చూడాలి. చాలాసార్లు ఫలితం తేలేది అక్కడే.