ఉప్పుగాలి, ఇరవై వేల అడ్వాన్సు

2024 జూన్. పొద్దున ఎనిమిదింటికే నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఎండ చురుక్కుమంటోంది. కృష్ణపట్నం పోర్టు వైపు లారీలు వరసగా పోతున్నాయి. మీరు సెంటరు దాటి పక్క సందులోకి తిరగండి. అడుగడుక్కీ టూలెట్ బోర్డులే. ఒక ఇంటి ముందు టాటా ఏస్ ఆగి ఉంది. బీరువా ఎక్కింది, గ్యాస్ బండ ఎక్కింది, చిన్నపిల్ల సైకిలును పైన తాడుతో కడుతున్నారు. మేడమీది పోర్షన్ ఖాళీ అవుతోంది.

మెట్లెక్కండి. ముందు గదిలో సామాను లేకపోయేసరికి మెల్లగా అన్న మాట కూడా ఖంగుమంటోంది. ఇంటి ఓనరమ్మ గోడల వెంబడి నడుస్తోంది. కిటికీ కింద ఆగి గోరుతో గీరింది. రంగు పెచ్చుగా లేచి రాలింది, దాని వెనక తెల్లటి పొడి. అది ఉప్పు. సముద్రం ఇక్కడికి దగ్గరే. గాలి ఏడాది పొడుగునా తడిగానే వస్తుంది. కిటికీ గ్రిల్లు పట్టుకుని చూడండి, తుప్పు మీ అరచేతికి అంటుకుంటుంది.

"అబ్బయ్యా, నువ్వు దిగేటప్పుడు ఈ గోడ ఇట్టా ఉండిందా? రంగులేయించి కొత్తిల్లు మాదిరి చేసిచ్చినా గదా."

"గోడ మేం పాడుచెయ్యలేదమ్మా. మిచాంగ్ తుపానుకి పైనుంచి నీరు దిగింది. అప్పుడే చెప్పాం కదా మీకు."

"చెప్తే ఏంది? రేపు రంగులోళ్ళకి డబ్బులిచ్చేది ఎవరు?"

అతను పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఊరు శ్రీకాకుళం జిల్లాలో. ఇప్పుడు విశాఖలో పని దొరికింది. 2022 వేసవిలో ఇక్కడ దిగినప్పుడు నెలకు 6,000 బాడుగ, 20,000 అడ్వాన్సు అనుకున్నారు. 5,000 ఫోన్‌పేలో పంపారు, 15,000 చేతికిచ్చారు. అగ్రిమెంటు లేదు, రసీదు లేదు. మనుషులు మంచివాళ్ళుగా కనిపించారు, అంతే.

ఓనరమ్మ గోడకున్న పాత క్యాలెండర్ కాయితం చించి, వెనకవైపు లెక్క రాస్తోంది. భుజం మీంచి తొంగి చూడండి. పైన 'అడ్వాన్సు 20,000' అని రాసింది. కింద తీసివేతలు: రంగులకు 8,000, బాత్రూం తలుపుకు 2,500, కరెంటు బిల్లు 740. మిగిలింది 8,760. ఆ కాయితం అతని చేతికిచ్చింది.

"ఇదన్నా ఇప్పుడు నా దగ్గర యాడుండాది? కొత్తోళ్ళు దిగినాక వాళ్ళ అడ్వాన్సు వస్తుంది. అందులోంచి నీకు వేస్తాలే."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్య ముఖం చూడండి. ఆ ఇరవై వేలు ఆమె చీటీ పాడి తెచ్చినవి. అవసరం కొద్దీ మొదట్లోనే పాడింది కాబట్టి ఎంత నష్టానికి పాడిందో ఆమెకు గుర్తుంది. విశాఖలో ఇల్లు చూసుకున్నారు, అక్కడా అడ్వాన్సు కట్టాలి. ఆ డబ్బు ఇక్కడి నుంచే రావాలి.

ఇప్పుడు ఓనరమ్మ వెంట కిందికి దిగండి. ఆమె మాట కూడా వినాలి. పోర్టు 2008లో మొదలైంది. ఆ తర్వాత నేలటూరులో థర్మల్ కేంద్రాలు వచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో పనివాళ్ళు రావడంతో ఇక్కడ పోర్షన్లకు గిరాకీ వచ్చింది. ఆమె కూడా బ్యాంకులో అప్పు తీసుకుని మేడ కట్టింది. రెండేళ్ళ కిందటి ఆ ఇరవై వేలు చేతికొచ్చిన వారంలోనే కూతురి హాస్టల్ ఫీజుకు పోయాయి. అంతకుముందు ఖాళీ చేసినవాళ్ళకు ఆమె ఇచ్చింది కూడా ఆ తర్వాత దిగినవాళ్ళ అడ్వాన్సే. వీధిలో అందరూ చేసేది ఇదే. మోసం చేయాలన్న తలంపు ఆమెకు లేదని నేను నమ్ముతాను. కానీ దాచమని ఇచ్చిన సొమ్మును ఖర్చుపెట్టే హక్కు ఆమెకు లేదు. ఈ తీరంలో నడుస్తున్న తగాదాలన్నిటికీ వేరు ఇక్కడే ఉంది. తీసుకున్న వెంటనే ఖర్చయిపోయిన డబ్బును తిరిగివ్వాల్సి వచ్చేసరికి గోడ మీద మచ్చలు కనబడతాయి.

సామాను విశాఖ బయల్దేరింది. ఆలుమగలు పిల్లతో నెల్లూరు బస్సెక్కారు. మీరూ ఎక్కండి. రొయ్యల చెరువులు, వరిమళ్ళు దాటి నెల్లూరులో ముత్తుకూరు గేటు దగ్గర దిగేసరికి పిల్ల నిద్రపోయింది. తెలిసినవాళ్ళు చెప్పిన ఒక పెద్ద వకీలు గదిలో బెంచీ మీద కూర్చున్నారు. ఆయన అడిగిన మొదటి మాట, "కాయితం ఏమన్నా ఉందా?"

లేదన్నారు. తర్వాత ఆమె సంచిలోంచి క్యాలెండర్ కాయితం తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. రెండుసార్లు చదివాడు.

"ఇంతకంటే రసీదు ఏం కావాలమ్మా? ఇరవై వేలు తీసుకున్నానని ఆమే సొంత దస్తూరీతో రాసిచ్చింది. జాగర్తగా దాచుకో."

ఆ తర్వాత గోడ సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తీసి 108వ సెక్షన్ చూపించాడు. బాడుగకున్నవాళ్ళు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి, నిజమే. అయితే వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు, మనిషి ఆపలేని ప్రకృతి బీభత్సం వల్ల వచ్చిన మార్పుకు వాళ్ళు పూచీ కాదు. ఉప్పుగాలికి లేచిన పెచ్చు అరుగుదలే. తుపాను నీటికి ఉబ్బిన గోడకూ వీళ్ళు పూచీ పడనక్కర్లేదు. నూట నలభై ఏళ్ళ కిందట రాసిన ఆ వాక్యం మన తీరానికి అతికినట్టు సరిపోతుంది. ఇక్కడ బాడుగ ఇళ్ళల్లో ఉండే ప్రతివాళ్ళకూ ఇది తెలియాలి.

వకీలు ఒక పాత కేసు కూడా చెప్పాడు. అది ఈ ప్రాంతానిదే, గూడూరుది. అక్కడ మోడరన్ హోటల్ నడిచే భవనానికి బాడుగ బాకీ పడ్డారని, ఖాళీ చేయించమని యజమానులు కోర్టుకెక్కారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. యజమానుల దగ్గర హోటలువాళ్ళు కట్టిన అడ్వాన్సు ఉంది. నెల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని 1960 నాటి ఆంధ్రప్రదేశ్ బాడుగల నియంత్రణ చట్టం అప్పట్లో చెప్పేది. బాకీ అంటున్న మొత్తాన్ని మించి వాళ్ళ సొమ్మే మీ చేతిలో ఉండగా వాళ్ళు ఎగవేతదారులు ఎలా అవుతారని కోర్టు ప్రశ్నించింది. 1989లో హోటలు పక్షాన తీర్పొచ్చింది. దేశంలో చాలా కోర్టులు ఆ తర్వాత గూడూరు కేసును ఉదహరించాయి.

క్రేన్ అతని ముఖం వెలిగింది. "అయితే మాకూ అదే చట్టం కదండీ?"

కాదు. ఆ చట్టం రాసింది నగరాలకు, మునిసిపాలిటీలకు. గూడూరు మునిసిపాలిటీ, ముత్తుకూరు పంచాయతీ. పోర్టు వచ్చి పట్నం మాదిరి బాడుగలు వచ్చాయి కానీ, పట్నం చట్టం రాలేదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా చట్టాన్ని ఆమోదించింది. నివాసపు ఇంటికి రెండు నెలల బాడుగకు మించి డిపాజిట్ తీసుకోకూడదు, న్యాయమైన తీసివేతలు పోను మిగతాది ఇల్లు అప్పగించిన రోజే తిరిగివ్వాలి అని అందులో ఉంది. అయితే నమూనా నమూనాయే. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అది జనానికి అందుతుంది. మన పిల్లలు చదువుకు పోయే ఇంగ్లండులో 2007 ఏప్రిల్ నుంచి పద్ధతి వేరు. ఓనరు తీసుకున్న డిపాజిట్‌ను ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకం కిందికి తేవాలి. ఇప్పుడు దానికి 30 రోజులే గడువు. తేకపోతే ఆ డిపాజిట్‌కు ఒక రెట్టు నుంచి మూడు రెట్ల దాకా బాడుగకున్నవాళ్ళకు చెల్లించమని కోర్టు ఆదేశిస్తుంది. అలాంటి ఏర్పాటు మనకూ కావాలి. పేదవాడికి ఇరవై వేలు ఎక్కడున్నా ఇరవై వేలే.

మరి ముత్తుకూరులో దారేది? సివిల్ కోర్టులో డబ్బు వసూలు దావా వేయొచ్చు. దానికి మూడేళ్ళ గడువుంది. ముందు రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపితే, ఆ తేదీ నుంచి వడ్డీ కూడా అడగొచ్చు. కానీ పదకొండు వేల తేడా కోసం విశాఖ నుంచి వాయిదాలకు తిరిగితే వచ్చేదంతా ఛార్జీలకే పోతుంది. అందుకే ఆయన లోక్ అదాలత్‌కు పొమ్మన్నాడు. కేసు వేయకముందే అక్కడ అర్జీ ఇవ్వొచ్చు, కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ తేలుతుంది. తేలాక మాత్రం ఆ కాయితం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు.

"అర్జీ నీ పేరుతో పెట్టమ్మా," అన్నాడు ఆమెతో. "ఫోన్‌పే నీ ఖాతా నుంచే కదా పోయింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది."

ఆమె అక్కడే కూర్చుని తెల్లకాయితం మీద రాసింది. అక్షరాలు నెమ్మదిగా పడుతున్నాయి. భర్త పిల్లను భుజాన వేసుకుని పక్కనే నిలబడ్డాడు.

కొన్ని వారాల తర్వాత లోక్ అదాలత్‌లో అందరూ ఒక బల్ల చుట్టూ చేరారు. ఓనరమ్మ మొదట గట్టిగానే మాట్లాడింది. ఉప్పు, తుపాను, 108వ సెక్షన్ మాట వచ్చాక రంగుల లెక్క వదులుకుంది. బాత్రూం తలుపు కింద చివికిపోయిన మాట నిజమేనని వీళ్ళూ ఒప్పుకుని, అందులో సగం భరించారు. కరెంటు బిల్లు గురించి ఎవరికీ పేచీ లేదు. అన్నీ పోను 18,000 రెండు వాయిదాల్లో ఇస్తానని ఓనరమ్మ సంతకం చేసింది. "కొత్తోళ్ళు దిగినాక" అన్న మాట ఆ కాయితంలో లేదు, తేదీలున్నాయి.

ఇళ్ళు బాడుగకిచ్చే అమ్మలకు, అయ్యలకు ఒక విన్నపం. అడ్వాన్సును విడిగా ఒక ఖాతాలో వేసి ఉంచండి, అది మీది కాదు. బాడుగకు దిగేవాళ్ళకు ఒక మాట. డబ్బంతా బ్యాంకు ద్వారానే పంపండి. దిగిన రోజు, విడిచిన రోజు గోడలకు ఫొటోలు తీసుకోండి. తీసుకున్న మొత్తం, తిరిగిచ్చే తేదీ రాయించుకోండి. ఇప్పటికే చిక్కులో పడితే న్యాయసేవల ఉచిత ఫోన్ నంబరు 15100.