లేని సీలుకు బిల్లు

1994 ఆగస్టు నాటి షెడ్డు బిల్లులో మూడో పద్దు: రేర్ ఆయిల్ సీల్, ఒకటి. బండి 1977 మోడల్ అంబాసిడర్ మార్క్ 3, పెట్రోలు. ఈ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ వెనక చివర రబ్బరు సీలు అన్నదే లేదు. మరి ఏం మార్చారు? బండితో పాటు చేతికొచ్చిన కాగితాల కట్టను మొదటి నుంచి చదవాల్సి వచ్చింది ఈ ఒక్క పద్దు వల్లే.

కట్టలో రెండు రకాల సాక్ష్యం ఉంది. ఒకటి, వేర్వేరు షెడ్ల బిల్లులు. రెండు, మొదటి యజమాని పెన్సిలుతో రాసుకున్న నోటుపుస్తకం. తేదీ, కిలోమీటర్లు, పెట్రోలు, ఆయిల్ అని నాలుగు గళ్లు. పెట్రోలు గడి చాలాచోట్ల ఖాళీ. ఆయిల్ గడి ఎక్కడా ఖాళీ లేదు. అందుకే బిల్లుల కంటే ఆ పుస్తకాన్నే ఎక్కువ నమ్మాను.

ఫిర్యాదు పాతదే. ఇంజనూ గేర్ బాక్సూ కలిసే చోట, సరిగ్గా దాని కింద, నేల మీద నల్లటి మరక. ఈ బండ్ల గురించి తెలిసినవాళ్లు ఆ మరక చూడగానే క్రాంక్ వెనక నుంచి అంటారు. ఆ మాటకు ఆధారం ఉంది. ఈ 1489 సీసీ ఇంజన్, 1947 నాటి ఆస్టిన్ ఏ40 ఇంజన్‌లో మూలాలున్న బి-సిరీస్ కుటుంబానిది. 1957లో పాత సైడ్ వాల్వ్ ఇంజన్‌తో ఉత్తరపారాలో తయారీ మొదలైన అంబాసిడర్‌కు ఇది 1959లో వచ్చింది. ఇందులో క్రాంక్ వెనక చివర, షాఫ్టు మీదే ఎదురు మర కోసి ఉంటుంది. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ ఆ మర, బయటికి రాబోయే ఆయిల్‌ని లోపలికి తోస్తుంది. ఇంజన్ ఆపాక తోసేది ఏమీ ఉండదు కాబట్టి చుట్టూ ఉన్న సన్నటి సందులోంచి కాస్త జారుతుంది. అలా జారింది కింద పడిపోవడానికి బెల్ హౌసింగ్ అడుగున ఒక రంధ్రం, అది పూడిపోకుండా అందులో వేలాడే స్ప్లిట్ పిన్ను. కారడానికి దారి చేసింది కంపెనీయే.

ఇక 1994 బిల్లు. క్రాంక్ వెనక భాగాన్ని ముట్టుకోవాలంటే గేర్ బాక్స్ దించాలి, క్లచ్ విప్పాలి, ఫ్లైవీల్ తీయాలి. ఆ బిల్లులో ఈ మూడింటికీ కూలి లేదు. ఉన్నవి ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి బిగించిన కూలి, గేర్ ఆయిల్. గేర్ బాక్స్ తోక దగ్గర, ప్రొపెల్లర్ షాఫ్ట్ దూరే చోట, నిజంగానే ఒక ఆయిల్ సీలు ఉంది. మార్చింది దాన్నే. బిల్లు అబద్ధం కాదు, అది చెబుతున్నది వేరే వెనక గురించి. ఇంజన్ కారుతోందని తెచ్చిన బండికి గేర్ బాక్స్ సీలు వేశారా, లేక ఆ రోజు ఫిర్యాదే గేర్ బాక్స్ గురించా అన్నది కాగితంలో లేదు. నేనూ ఊహించను.

కారడం ఎప్పుడు మొదలైందో నోటుపుస్తకం చెప్పింది. 1991 మే దాకా ఆయిల్ గడిలో ఉన్నవన్నీ పూర్తిగా ఆయిల్ మార్చిన పద్దులే. జూన్ నుంచి ఒక మార్పుకీ ఇంకో మార్పుకీ మధ్య అర లీటరు, అర లీటరు అని కలిపిన పద్దులు వస్తాయి. 1994లో సీలు మారిన తర్వాత కూడా వాటి వరస మారలేదు. రింగులు అరిగి ఆయిల్ కాలిపోతుంటే ఖర్చు మెల్లగా పెరుగుతూ రావాలి, వెనక నీలం పొగ కనిపించాలి. ఇక్కడ ఒక్క నెలలో తేడా వచ్చింది, పొగ ఇప్పటికీ లేదు. క్రాంక్ దగ్గరి సందు పెద్దదవడానికైనా ఏళ్లు పడుతుంది. ఇంత హఠాత్తుగా మొదలైందంటే ఆ నాళ్లలో ఇంజన్ మీద ఎవరో ఏదో పని చేసి ఉండాలి. కానీ బిల్లుల కట్టలో 1991 కాగితం ఒక్కటీ లేదు.

1996లో రాకర్ కవర్ ప్యాకింగ్ మార్చినట్టు ఇంకో బిల్లు ఉంది. ఏ ఇంజన్ కారినా ముందు అనుమానించేది ఆ కార్క్ ప్యాకింగునే. తర్వాతి పద్దుల్లో మళ్లీ అవే అర లీటర్లు. ఆయిల్ ఛాంబర్ ప్యాకింగ్ మీద కూడా ఎవరో అనుమానపడ్డారు, బిల్లు ఉంది. ఛాంబర్ అన్నిటికంటే కిందుంటుంది, పైన ఎక్కడ కారినా తడిసేది అదే. దాని తడి దేనికీ రుజువు కాదు.

కాగితాలు ఇంతవరకే తీసుకొచ్చాయి. ఆ తర్వాత బండినే అడగాలి. ఇంజన్‌ని కిరసనాయిలుతో, బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మానిఫోల్డ్ వేడెక్కే చోటు వదిలేసి మిగతా అంతటా మామూలు టాల్కం పౌడరు చల్లాను. బండిని రోడ్డెక్కించలేదు. పరుగులో గాలి ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది, ముందు కారింది కూడా వెనక కారినట్టే కనిపిస్తుంది. నిలబెట్టి ఇంజన్ నడిపి, కింద తెల్ల అట్ట పరిచాను. చుక్కలు ఇంజన్ నడుస్తుండగానే పడ్డాయి. ఎదురు మర దగ్గర కారేది అయితే ఆపాక పడాలి. క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగితే మాత్రం ఆ లెక్క తప్పుతుంది, మర తోసినా ఆయిల్ బయటికొస్తుంది. ఆ సందేహం తీర్చకుండా ముందుకు పోకూడదు.

ఈ ఇంజన్‌కు పక్కన, మానిఫోల్డ్ కింద, ట్యాపెట్ల గదిని మూసే రేకు మూతలు రెండు ఉంటాయి. షెడ్లలో సైడ్ కవర్లంటారు. క్రాంక్ కేసు ఒత్తిడి బయటికి పోయే ఊపిరి గొట్టం ముందు కవరుకే ఉంటుంది. విప్పి చూస్తే లోపల మడ్డి పేరుకుని దాదాపు మూసుకుపోయింది. శుభ్రం చేసి, ఇంకేదీ ముట్టుకోకుండా, పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేశాను. చుక్కలు తగ్గాయి కానీ ఆగలేదు. ఒత్తిడి కారడాన్ని పెంచింది, పుట్టించలేదు.

ఈసారి పౌడరు సాక్ష్యం స్పష్టంగా ఉంది. రాకర్ కవర్ అంచులు పొడి. ఛాంబర్ అంచు ముందువైపు పొడి. పైనుంచి చూస్తే మానిఫోల్డ్ అడ్డం, కింద పడుకుని చూస్తే బెల్ హౌసింగ్ తప్ప ఏమీ కనిపించదు. గడ్డం గీసుకునే చిన్న అద్దం దూర్చి చూస్తే వెనక సైడ్ కవర్ కింది అంచు నుంచి ఒక తడి చార బ్లాకు మీదుగా దిగి, బెల్ హౌసింగ్ అతుకు చేరి, లోపలికి పోతోంది. స్ప్లిట్ పిన్ను దగ్గర పడుతున్న చుక్కల్లో ఎక్కువ భాగం ఇదే. పై నుంచి రాకర్ల ఆయిల్ ఛాంబర్‌కు దిగేది ఈ గది గుండానే కాబట్టి, ఇంజన్ నడిచినంతసేపూ ఆ ప్యాకింగ్ తడుస్తూనే ఉంటుంది.

1991 బిల్లు ఆ తర్వాత దొరికింది, పాత ఇన్సూరెన్స్ కాగితాల మడతలో. మే నెల. మానిఫోల్డ్ ప్యాకింగ్, ప్యాకింగుకు పూసే షెల్లాక్, సైడ్ కవర్ ప్యాకింగ్ ఒకటి. కవర్లు రెండు, ప్యాకింగ్ ఒకటి. ఏ కవరుకు వేశారు? రెండూ విప్పితే తేలింది. ముందు కవర్ కార్క్ నల్లబడి గట్టిపడిన పాతది, షెల్లాక్ జాడ లేదు. వెనకదాని చుట్టూ షెల్లాక్ ఉంది. దాని రేకు మధ్య బోల్టు దగ్గర లోపలికి గుంట పడింది, అంచులు పైకి లేచాయి. ఈ కవర్లను ఒక్కోదాన్ని మధ్యలో ఒక్క బోల్టే పట్టి ఉంచుతుంది. అతిగా బిగిస్తే రేకు వంగి అంచు దగ్గర కార్క్ మీద పట్టు పోతుంది. అలా బిగించింది 1991లోనా, కారుతోందని తర్వాత ఇంకెవరైనా ఇంకో చుట్టు తిప్పారా అన్నది రేకును చూసి చెప్పలేం.

రేకును చదును చేసి, రెండింటికీ కొత్త కార్క్ వేసి, బోల్టు కింద కొత్త వాషరు పెట్టి, చేతికి పట్టు తగలగానే ఆపాను. ఇంజన్ నడుస్తుండగా అట్ట మీద ఇప్పుడు ఏమీ పడదు. ఆపాక ఒకటి రెండు చుక్కలు పడతాయి. అవి ఎదురు మరవి, వాటికి మందు లేదు. మీ అంబాసిడర్‌కు గేర్ బాక్స్ దించాలని ఎవరైనా చెబితే, దించే ముందు వెనక సైడ్ కవర్ కింద అద్దం పెట్టి చూడమనండి.