తాత డబ్బాలోని రోమన్ కాసులు

రోమన్ నాణేలు అనగానే మన చరిత్ర పాఠంలో వచ్చేది బంగారం, వెండి. మిరియాలు, ముత్యాలు, సన్నని బట్టలు కొనడానికి రోమన్ వ్యాపారులు దక్షిణ భారతానికి ఆ నాణేలు తెచ్చారని చదువుకున్నాం. భారతదేశం, చైనా, అరేబియా కలిసి ఏటా పది కోట్ల సెస్టర్సులు లాగేసుకుంటున్నాయని ప్లీనీ అనే రోమన్ రచయిత వాపోయాడు. నేను రాసేది ఆ బంగారం గురించి కాదు. చిటికెన వేలి గోరంత ఉండే కంచు కాసుల గురించి. మా ఇంట్లో అలాంటివి పదకొండు ఉన్నాయి. వాటిలో నాలుగు నా చేతుల్లోనే పాడయ్యాయి.

మాది చెన్నై. అమ్మ పుట్టిల్లు కరూరు. తాత అక్కడ మగ్గం నేసేవారు. కరూరు అమరావతి ఒడ్డున ఉంది అని క్లాసులో చెప్తే అందరూ కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి అనుకున్నారు. ఇది ఊరు కాదు, నది. పోయి కావేరిలో కలుస్తుంది. సంగం కాలంలో చేర రాజుల రాజధాని వంజి ఇదేనని చాలామంది చరిత్రకారులు అంటారు. పడమటి తీరంలో ముజిరిస్ రేవులో దిగిన సరుకు పాలక్కాడు కనుమ దాటి, కోయంబత్తూరు వైపు నుంచి కరూరుకు వచ్చేది. అందుకే ఇక్కడి మట్టిలో, నది ఇసుకలో రోమన్ నాణేలు దొరుకుతాయి.

నదిలో నీళ్ళు తగ్గినప్పుడు కొందరు ఇసుక జల్లెడ పట్టి, దొరికిన లోహపు ముక్కలు కొట్లలో అమ్ముకునేవాళ్ళట. తాత వాళ్ళ దగ్గర రూపాయికి, రెండు రూపాయలకి ఈ కాసులు కొనేవారు. ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి రేకు డబ్బాలో పెట్టుకునేవారు. తాత పోయి రెండేళ్ళయింది. పోయిన వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఆ డబ్బా నాకిచ్చింది. "నీకు హిస్టరీ అంటే ఇష్టం కదే, నువ్వే ఉంచుకో" అంది.

నేను చేసిన మొదటి పని, నాలుగు పొట్లాలు విప్పేసి, కాసుల్ని చింతపండు, ఉప్పు కలిపిన నీళ్ళలో వేయడం. అమ్మ ఇత్తడి బిందెలు అలాగే తోముతుంది కదా! గంట తర్వాత ఆకుపచ్చ రంగంతా పోయింది. కాసులు ఎర్రగా మెరిశాయి. కానీ వాటి మీద ముందు లీలగా కనబడిన బొమ్మ కూడా పోయింది. రెండు వైపులా నున్నగా, గుంటలు గుంటలుగా మిగిలాయి.

ఎందుకలా అయిందో మా సైన్స్ మిస్ చెప్పారు. పదహారు వందల ఏళ్ళు తడిలో ఉన్న రాగి పైపొర మెల్లగా వేరే పదార్థంగా మారిపోతుంది. అక్షరాలు, బొమ్మ ఆ పొరలోనే నిలిచి ఉంటాయి. చింతపండులోని ఆమ్లం ఆ పొరను కరిగించేస్తుంది. బిందె మీద పోయేది మురికి, కాసు మీద పోయింది బొమ్మే. తెలిసినవాళ్ళు ఇలాంటి నాణేలను స్వేదనజలంలో రోజుల తరబడి నానబెట్టి, భూతద్దం కింద చెక్కపుల్లతో ఓపిగ్గా మట్టి తీస్తారు. తర్వాత తడి తగలకుండా దాస్తారు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది లోహాన్ని తినేస్తున్న గుర్తు. ఆ కాసును మిగతావాటి నుంచి వేరుగా పెట్టాలి.

ఇంకో తప్పు ఆ సాయంత్రం తెలిసింది. నేను పారేయబోయిన పొట్లం కాగితాల లోపలి వైపు తాత చేతిరాత ఉంది. మామ వాటిని ఎప్పుడో చూశారట, నూలు లెక్కలనుకున్నారట. అమ్మ, మామ తమిళ మీడియంలో చదివారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది తాతకి, ఆయన తర్వాత నాకు. ఒక కాగితంలో "అమరావతి ఇసుక, వంతెన దిగువ, 1987 మే, రెండు రూపాయలు" అని ఉంది. ఇంకోదాంట్లో "పాత సామాన్ల కొట్టు. ఎక్కడిదో వాడు చెప్పలేదు" అని ఉంది. ఇలా పదకొండు కాగితాలు. కానీ నేను కడిగిన నాలుగు కాసుల్లో ఏది ఏ కాగితంలోదో ఇప్పుడు చెప్పలేను. అన్నీ కలిపేశాను.

ఆ రాత్రి అమ్మకి చెప్పి ఏడ్చాను. అమ్మ తిట్టలేదు. "అన్నీ చదివి వినిపించు" అంది. చదువుతుంటే అమ్మమ్మ కూడా వచ్చి కూర్చుంది. వంతెన దిగువ కొన్న రోజు తాతకి వడదెబ్బ తగిలిందని ఆమెకి గుర్తొచ్చింది.

మిగిలిన ఏడు కాసుల్ని నేను కడగలేదు. హిస్టరీ సార్ భూతద్దం ఇచ్చి, ఏం చూడాలో నేర్పారు. రోమన్ల పాతకాలపు చిల్లర పెద్దగా ఉండేది. సెస్టర్సు ఇత్తడిది, అస్సు రాగిది. నాలుగు అస్సులు ఒక సెస్టర్సు, నాలుగు సెస్టర్సులు ఒక వెండి దెనారియస్, ఇరవై అయిదు దెనారియస్‌లు ఒక బంగారు నాణెం. ఆ దెనారియస్ అనే మాటే మన దేశంలో దీనారం అయింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం శాసనంలో కూడా దినారి మాషకాలు అనే మాట కనబడుతుంది. క్రీ.శ. 4, 5 శతాబ్దాలు వచ్చేసరికి రోమన్ చిల్లర బాగా చిన్నదైపోయింది. మా కాసులు ఆ కాలానివి. స్కూల్ ల్యాబ్ త్రాసులో తూచితే ఒక్కొక్కటీ ఒకటి నుంచి రెండు గ్రాముల మధ్య ఉన్నాయి.

ఒక కాసు మీద ముత్యాల పట్టీ కట్టుకున్న తల ఉంది. దాని ముందు డి, ఎన్ అనే రెండు లాటిన్ అక్షరాలు కనబడతాయి. "మన ప్రభువు" అనే మాటకి అవి పొడి అక్షరాలు. తర్వాత ఆర్కాడియస్ పేరులో సగం ఉంది. ఆయన 383 నుంచి 408 వరకు చక్రవర్తి. ఇంకో కాసు వెనక ఇద్దరు సైనికులు, మధ్యలో ఒక జెండా కర్ర. అది కాన్‌స్టంటైన్, ఆయన కొడుకుల కాలంలో 330ల నుంచి వేసిన రకం. బొమ్మ కింద గీత ఉంటే, దాని కింద ఉండే అక్షరాలు టంకశాల గుర్తు. మాదాంట్లో ఒకదానికి ఏ, ఎల్, ఈ అని ఉంది. అంటే ఈజిప్టులోని అలెగ్జాండ్రియా. అది చదివాక ఆ రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం!

మరి ఇంత చిల్లర డబ్బు ఇంత దూరం ఎందుకొచ్చింది? బంగారం, వెండి అయితే తూకానికి ఎక్కడైనా చెల్లుతాయి. కంచు కాసుకి దాని దేశం దాటితే పెద్ద విలువ ఉండదు. అయినా కరూరులో, మదురైలో, శ్రీలంకలో ఇవి బోలెడు దొరికాయి. దినమలర్ పత్రిక సంపాదకులుగా పనిచేసిన ఆర్. కృష్ణమూర్తి గారు కరూరు, మదురై కాసుల మీద 1994లో ఒక పుస్తకమే రాశారు. దొరికినవాటిలో చాలావరకు బాగా అరిగిపోయినవే. నాకు తోచింది ఇది: దాచిపెట్టిన నాణెం అంతగా అరగదు, చేతులు మారితేనే అరుగుతుంది. బంగారు నాణేలు కుండల్లో కెక్కి పాతరలోకి వెళ్ళాయి. ఈ కాసులు సంతలో తిరిగి ఉండాలి. ఉప్పుకో, చేపలకో ఎవరో ఇచ్చి ఉంటారు. రాజుల కథ బంగారం చెప్తే, మనలాంటివాళ్ళ కథ చెప్పేది ఇవే.

ఆ కథ చెప్పాలంటే కాసు ఎక్కడ దొరికిందో తెలియాలి. కరూరు ఇసుకలో దొరికిన ఆర్కాడియస్ కాసు కరూరు చరిత్రకి సాక్ష్యం. ఎక్కడిదో తెలియకపోతే అది ఎక్కడైనా దొరికే పాత రాగి ముక్క. తాత పెద్దగా చదువుకోలేదు, కానీ ఆయనకి ఈ విషయం తెలుసు. తెలియని చోట తెలియదని కూడా రాసి పెట్టారు.

మనలో ఎవరికైనా భూమిలో పాత నాణేలు దొరికితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువుల్ని మనం విదేశాలకు పంపకూడదు. మామకి ఇది చెప్పాను. మొదట వాటిని ఎవరికైనా అమ్మేద్దామన్నారు. ఇప్పుడు డబ్బాని ఎగ్మూరు మ్యూజియంలో చూపించి, ఏం చేయాలో అడుగుదామని ఒప్పుకున్నారు.

అక్కడికి పట్టుకెళ్ళడానికి ఒక నోట్‌బుక్ తయారుచేశాను. కాసుకి ఒక పేజీ. బరువు, అడ్డుకొలత, బొమ్మ, కనబడిన అక్షరాలు రాశాను, తాత కాగితం అతికించాను. ఏడు పేజీలు అలా నిండాయి. చివరి నాలుగు పేజీల్లో బరువు, అడ్డుకొలత తప్ప ఏమీ లేదు. వాటి కాగితాలు నాలుగూ ఒక కవర్లో విడిగా పెట్టి, కవరు మీద "ఏది దేనిదో తెలియదు. నేనే కలిపేశాను" అని తెలుగులో రాశాను.